ఎండ పడటం లేదా, వయ్యారిభామ పడటం లేదా?

ప్రశ్న: మా నాన్నకు 54 ఏళ్లు. మహబూబ్‌నగర్ జిల్లాలో పత్తి, జొన్న వేస్తారు. రెండు బర్రెలున్నాయి. మూడేళ్ల కిందట వానాకాలంలో కనురెప్పల మీద, మెడ మీద దురదతో మొదలైంది. మొదట్లో చలికాలం రాగానే తగ్గేది, ఇప్పుడు ఏడాది పొడవునా ఉంటోంది. ముఖం, మెడ, ముంజేతులు నల్లబడి తోలులా మందమయ్యాయి. ఎండలోకి వెళ్తే మంట. రాత్రి దురదతో నిద్ర లేదు. రెండేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే వారంలో తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. ఊళ్లో ఒకరిద్దరు పెద్దరోగమేమో అంటున్నారు. ఇది ఎండ పడకపోవడమేనా? నేను హైదరాబాద్‌లో ఉంటాను, మంచి సన్‌స్క్రీన్ పంపుదామనుకుంటున్నాను. ఏది కొనమంటారు?

సమాధానం: అమ్మా, సన్‌స్క్రీన్ సంగతి చివర్లో చూద్దాం. దానికంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి: మీ పొలం గట్ల మీద మొలిచే వయ్యారిభామ అనే కలుపు మొక్క, నాన్నగారి బీపీ మాత్రల అట్ట, ఆ క్రీము ట్యూబు. ఈ మూడింటినీ వదిలేసి ఎంత ఖరీదైన సన్‌స్క్రీన్ పంపినా డబ్బులు దండగే.

మీ ఉత్తరంలోనే రెండు ఆనవాళ్లున్నాయి. ఒకటి, వానాకాలంలో మొదలవడం. ఎండ ఒక్కటే కారణమైన జబ్బులు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎండలు ముదురుతున్నప్పుడు బయటపడతాయి. రెండు, కనురెప్పలు. పై రెప్ప మీద కనుబొమ్మల గూటి నీడ ఉంటుంది, కాబట్టి ఎండ వల్ల వచ్చే దద్దుర్లు అక్కడ తక్కువగా ఉంటాయి. గాలిలో ఎగిరివచ్చే దుమ్ముకు నీడతో పనిలేదు, పలచటి రెప్ప మీదే ముందు దాడి చేస్తుంది.

ఈసారి ఊరెళ్లినప్పుడు పగటి వెలుతురులో, నాన్నగారి చొక్కా విప్పించి చూడండి. ఎండ వల్ల వచ్చినది నుదురు, బుగ్గల ఎత్తు, ముక్కు, చెవుల పైఅంచు, మెడ వెనుక, గుండీ పెట్టని చోట ఛాతీ మీది ముక్కోణం, ముంజేతుల బయటివైపు, చేతుల వెనుక భాగం, వీటినే పట్టుకుంటుంది. గడ్డం కింద, చెవి వెనుక, మెడ ముడతల లోతుల్లో, వాచీ పట్టీ కింద చర్మం మామూలుగా మిగిలిపోతుంది. గాలిలోని మొక్కల పొడి వల్ల వచ్చినదైతే ఆ దాక్కున్న చోట్లే ఎక్కువ బాధపడతాయి: పై రెప్పలు, గడ్డం కింద, చెవి వెనుక, మెడ ముడతలు, మోచేతి మడత, మోకాలి వెనుక. చెమట పట్టి పొడి అంటుకుని నిలిచేది అక్కడే కదా. మూడేళ్లు నడిచిన జబ్బులో ఈ రెండు పటాలూ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయి ఉండవచ్చు. అందుకే ఇప్పుడు ఎలా ఉందన్నదానికంటే మొదటి ఏడాది ఎక్కడ మొదలైందన్నది ముఖ్యం. అమ్మగారిని అడగండి, ఆమెకు గుర్తుంటుంది. చేతిగోళ్లు కూడా చూడండి. ఎప్పుడూ గోక్కునేవారి గోళ్లు పాలిష్ వేసినట్టు మెరుస్తుంటాయి.

ఇక వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే, శాస్త్రీయంగా పార్థీనియం. క్యారెట్ ఆకులాంటి చీలికల ఆకు, కొమ్మల చివర గుత్తులుగా చిన్న తెల్లపూలు. మన దేశంలో దీన్ని 1950ల మధ్యలో పుణే దగ్గర గుర్తించారు, దిగుమతి గోధుమలతో వచ్చిందంటారు. 1970ల నాటికే దీనివల్ల వచ్చే చర్మవ్యాధి గురించి పుణే నుంచి వైద్య పత్రికల్లో రాశారు. ఆకుల మీది నూగులోనూ పుప్పొడిలోనూ పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. ఎండిపోయి పొడి అయినా దాని గుణం పోదు. మొక్క పచ్చగా లేని నెలల్లోనూ, గట్టు మీది దుమ్ము లేచినప్పుడూ, మేతలో కలిసి వచ్చిన ఎండు కొమ్మలు దులిపినప్పుడూ నాన్నగారికి దురద రేగడానికి కారణం అదే కావచ్చు. బర్రెలకు గడ్డి ఎవరు కోసి తెస్తారో, ఎవరు వేస్తారో కనుక్కోండి.

"చిన్నప్పటి నుంచీ ఈ మొక్కల మధ్యే తిరిగాను, ఇప్పుడేమిటి కొత్తగా" అని నాన్నగారు తప్పకుండా అంటారు. ఈ రకం అలర్జీ నడిచే తీరే అంత. ఏళ్ల తరబడి తాకుతూ తాకుతూ ఉండగా ఏదో ఒకనాడు శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపడుతుంది. ఒకసారి గుర్తుపట్టాక మరిచిపోదు. నడివయసు దాటిన, బయట పనిచేసే మగవాళ్లలో ఎక్కువగా కనిపించడం ఇందుకే.

అయితే ఎండకు మంట ఎందుకంటారా? ఇలాంటి అలర్జీ ఏళ్లపాటు మానకుండా నడిచినవారిలో కొందరికి చర్మం తీరు మారిపోతుంది. అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు చర్మంలోని సొంత పదార్థాలే కొంత మార్పు చెందుతాయి, రోగనిరోధక కణాలు వాటి మీద కూడా అలర్జీ పదార్థం మీద పడ్డట్టే విరుచుకుపడతాయి. అప్పుడు మొక్క పక్కన లేకపోయినా ఎండ ఒక్కటే చాలు. చర్మవైద్యులు దీన్ని క్రానిక్ యాక్టినిక్ డెర్మటైటిస్ అంటారు. మొదట వానాకాలానికే పరిమితమై, తర్వాత ఏడాదంతా ఉండటం, చర్మం మందమవడం, ఎండలో మంట, మీరు రాసిన వరుస దీనికి బాగా సరిపోతుంది. సరిపోతుందన్నానే గానీ ఇదేనని తేల్చడం చూసి, పరీక్ష చేసిన డాక్టరు పని.

రెండోది బీపీ మాత్ర. అట్ట తిరగేసి చూడండి. పేరు చివర "హెచ్" అని ఉన్నా, కింద హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మిల్లీగ్రాములు అని రాసి ఉన్నా, అది చర్మాన్ని ఎండకు సున్నితం చేసే మందు. టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి వాటితో కలిపి చాలామందికి రాస్తారు. జబ్బు మూడేళ్లుగా ఉంది, మాత్ర రెండేళ్లుగా వేసుకుంటున్నారు, కాబట్టి జబ్బును మొదలుపెట్టింది మాత్ర కాదు. కానీ వానాకాలం జబ్బు ఏడాది పొడుగు జబ్బుగా మారిన కాలమూ, మాత్ర మొదలైన కాలమూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. దీన్ని కొట్టిపారేయకూడదు. మీ అంతట మీరు మాత్ర ఆపేయవద్దు, బీపీ ఎగిరితే పక్షవాతం దాకా వెళ్తుంది. మాత్ర రాసిన డాక్టరుకు విషయం చెప్పి, ఆ "హెచ్" లేని మాత్రగానీ ఆమ్లోడిపిన్ లాంటి వేరే మందుగానీ ఇవ్వమని అడగండి. మార్చిన వారంలోనే తేడా కనిపించదు, కొందరికి నెలలు పడుతుంది.

బీపీ మాత్రతో పాటు ఇంట్లో ఉన్న మిగతావీ ఒక సంచిలో వేయండి. డాక్సీసైక్లిన్, నొప్పులకు వాడే నాప్రోక్సెన్, పైరాక్సికామ్, నీరు పోవడానికి ఇచ్చే ఫ్రూసెమైడ్, తామరకు ఇచ్చే గ్రిసియోఫుల్విన్, ఇవన్నీ ఎండతో కలిసి ఇబ్బంది పెట్టగలవు. మోకాళ్లకు రాసే కీటోప్రోఫెన్ జెల్ కూడా అంతే. అది రాసిన చోట ఎండ తగిలితే బొబ్బలు రావచ్చు, ఆపిన కొన్ని వారాల తర్వాత కూడా.

మూడోది క్రీము. వారంలో తగ్గి, ఆపగానే తిరిగి వచ్చిందంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే అనుకోండి. ట్యూబు మీద క్లోబెటసాల్ అని ఉంటే అది ఆ జాతిలో అన్నిటికంటే బలమైనది. తరచూ దానితో పాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి ఒకే ట్యూబులో అమ్ముతారు. ఏ జబ్బో తెలియనప్పుడు అన్నిటికీ పనికొస్తుందని చేతిలో పెట్టే మిశ్రమం అది, నా దృష్టిలో కౌంటర్ మీద అమ్మకూడని సరుకు. ముఖం మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రటి సన్నని నరాలు తేలతాయి, మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి, చివరికి క్రీము లేకపోతే ముఖం మండే స్థితి వస్తుంది. ఆ మంటనూ ఎండ పడకపోవడం కిందే లెక్కేస్తారు.

అలాగని రేపటి నుంచి పూర్తిగా మానేయమనండి అనను. చాలాకాలం రాసి హఠాత్తుగా ఆపితే వాచి, ఎర్రబడి, మొదటికంటే ఎక్కువగా రేగుతుంది. డాక్టరు దీన్ని మెట్టుమెట్టుగా దించుతారు. సాధారణంగా ముఖానికి టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఇస్తారు. మొదటి నాలుగైదు రోజులు చురుక్కుమంటుంది, అది మామూలే. చేతులకు మొమెటసోన్ లాంటి మధ్యరకం స్టెరాయిడ్ కొన్ని వారాలు. రాసే కొలత తెలుసుకోండి: చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము, అది రెండు అరచేతుల వెడల్పున్న చర్మానికి సరిపోతుంది. ముఖం, మెడ కలిపి రెండున్నర కొలతలు, ఒక్కో చేతికి మూడు. ఇంతకంటే తక్కువ రాస్తే పనిచేయదు, ఎక్కువ రాసినా అదనంగా ఒరిగేదేమీ లేదు.

ఇంకో మాట. ఊళ్లో ఎవరైనా దురదకు సూది వేస్తున్నారా, చిన్న తెల్లమాత్రలు ఇస్తున్నారా అడగండి. ఒక్క సూదితో నెల రోజులు హాయిగా ఉందంటే అది దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ అయి ఉండవచ్చు. బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు మూడు వారాలకు మించి రోజూ మింగి ఉంటే ఒక్కసారిగా ఆపకూడదు. శరీరం సొంతంగా తయారుచేసే స్టెరాయిడ్ అప్పటికే మందగించి ఉంటుంది, కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఇవి బీపీని, షుగర్‌ను కూడా పెంచుతాయి. బీపీ మొదలైంది ఈ మాత్రల తర్వాతేనా అన్నదీ డాక్టరుకు చెప్పాల్సిన విషయమే.

పెద్దరోగం భయం గురించి. కుష్ఠు మచ్చకు సాధారణంగా దురద ఉండదు. చాలా మచ్చల్లో స్పర్శ తగ్గుతుంది. ఎండలోకి వెళ్తే మండి, నీడకు వస్తే తగ్గే స్వభావం దానిది కాదు. నాన్నగారిని కళ్లు మూసుకోమని, దూది కొసతో మచ్చ మీద, పక్కనున్న మంచి చర్మం మీద తాకించి, తగిలినచోట వేలు పెట్టమనండి. సరిగ్గా చూపిస్తే కొంత ధైర్యం. అయితే ఊరివాళ్లు అనుమానించడంలో పూర్తిగా తప్పు లేదు. ఎండ జబ్బు ముదిరితే నుదుటి ముడతలు లావెక్కి, చెవి తమ్మెలు దళసరై, కుష్ఠులో ఒక రకం ముఖంలాగే కనిపిస్తుంది. అందుకే డాక్టరు చర్మం నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతానంటే వెనకాడవద్దు. ఇలా మందమైన చర్మాన్ని చూసి ఒక రకం చర్మ క్యాన్సర్ కూడా కాదని తేల్చుకోవాలి, అది చూడగానే చెప్పగలిగేది కాదు. ఒకవేళ కుష్ఠే అని తేలినా మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, ఆరు నుంచి పన్నెండు నెలల్లో నయమవుతుంది.

జొన్న వేస్తారని రాశారు, తింటారు కూడా కావచ్చు కాబట్టి పెల్లాగ్రా గురించి కూడా చెప్పాలి. నియాసిన్ అనే బి విటమిన్ చాలక వచ్చే జబ్బు ఇది. జొన్న ప్రధాన ఆహారమైన దక్కనులో ఒకప్పుడు బాగా ఉండేది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థకు పూర్వరూపమైన హైదరాబాద్ పరిశోధనశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో జొన్నలోని లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని దీనికి కారణంగా చూపారు, ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది. ఇవాళ రోజూ రెండు రొట్టెలు తిన్నంత మాత్రాన ఇది రాదు. పప్పు, పాలు, గుడ్డు, పల్లీ తినేవారికి భయం లేదు. కల్లుకో సారాకో అలవాటుపడి తిండి తగ్గినవారిలో, క్షయకు ఐసోనియాజిడ్ వాడుతున్నవారిలో మాత్రం చూడాలి. చేతుల వెనుక, పాదాల మీద, మెడ చుట్టూ దండ వేసినట్టు, గీత గీసినట్టున్న అంచుతో నల్లటి పొలుసులు వస్తాయి. దురద కంటే మంట ఎక్కువ. విరేచనాలు, మతిమరుపు, చిరాకు తోడవుతాయి. నికోటినమైడ్ 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు, డాక్టరు సలహాతో మూడు నాలుగు వారాలు ఇస్తే అది మానే వేగమే రోగనిర్ధారణ.

ఇదే శీర్షిక చదువుతూ "నాకూ ఎండకు దద్దుర్లు వస్తాయి" అనుకునే మిగతా పాఠకుల కోసం ఒక్క మాట: ఎంతసేపటికి వచ్చింది, ఎంతసేపు ఉంది, గడియారం చూసి రాసుకోండి. ఎండలోకి వెళ్లిన నిమిషాల్లోనే దద్దులు లేచి, నీడకొచ్చాక గంటల్లో, మహా అయితే ఒక రోజులో ఆనవాలు లేకుండా పోతే అది సోలార్ అర్టికేరియా. కొన్ని గంటల తర్వాత ముంజేతుల మీద, మెడ వెనుక సూదిమొన అంత పొక్కులో పాలిపోయిన చిన్న మచ్చలో వచ్చి వారం పది రోజులుండి మానిపోతే పాలిమార్ఫిక్ లైట్ ఎరప్షన్. ఎండ జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువమందికి వచ్చేది, అంతగా భయపడనక్కరలేనిది ఇదే. ఎండాకాలం మొదట్లో వచ్చి, చర్మం అలవాటుపడ్డాక కొందరికి దానంతటదే తగ్గుతుంది. ఎండకు వెళ్లిన కొన్ని రోజులకు బుగ్గలు, ముక్కు మీద ఎర్రబడి వారాల తరబడి నిలిచి, కీళ్లనొప్పులు, జుట్టు రాలడం, నోటిపుండ్లు, జ్వరం ఉంటే లూపస్ (రోగనిరోధక కణాలు సొంత శరీరం మీదే పడే జబ్బు) కోసం ఏఎన్ఏ రక్తపరీక్ష, మూత్రపరీక్ష వాయిదా వేయకూడదు, ముఖ్యంగా 15 నుంచి 45 ఏళ్ల ఆడవాళ్లలో.

నాన్నగారి విషయానికి వస్తే అసలు కావలసింది అలర్జీ దేనివల్లో తేల్చే పాచ్ టెస్ట్. వైద్య కళాశాల ఆసుపత్రుల చర్మవ్యాధి విభాగాల్లో, కొన్ని ప్రైవేటు క్లినిక్‌లలో చేస్తారు. ముందు ఫోన్ చేసి ఏ రోజుల్లో చేస్తారో, పార్థీనియం ఉందో లేదో కనుక్కోండి. మన దేశంలో వాడే ప్రామాణిక సెట్‌లో అది ఉంటుంది. చిన్న చిన్న గిన్నెల్లో మందులు పెట్టి వీపుకు అంటిస్తారు. సోమవారం అంటిస్తే బుధవారం తీసి చూస్తారు, శుక్రవారం మళ్లీ చూస్తారు. ఆ అయిదు రోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టే పని చేయకూడదు, కాబట్టి కలుపుతీత, కోత లేని వారం చూసుకోండి. వారం ముందు నుంచి వీపుకు ఏ క్రీమూ రాయకూడదు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, లేకపోతే అలర్జీ ఉన్నా లేనట్టు చూపిస్తుంది. ఒళ్లంతా రేగి ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయరు, కాస్త తగ్గాక పిలుస్తారు. జుట్టుకు రంగు వేసుకుంటే ఆ సంగతీ చెప్పండి. హెయిర్ డైలోని పీపీడీ కూడా ముఖం, మెడ, చెవుల దగ్గర ఇలాగే రేపుతుంది, అదీ అదే సెట్‌లో తేలుతుంది.

వయ్యారిభామ అని తేలితే డాక్టర్లు సాధారణంగా మొదట ఉధృతి తగ్గించడానికి ప్రెడ్నిసొలోన్ కొన్ని వారాలిచ్చి తగ్గించుకుంటూ వస్తారు. దీర్ఘకాలానికి మన దేశంలో ఎక్కువగా వాడేది రోగనిరోధక శక్తిని అణిచే అజాథయోప్రిన్. పని మొదలుపెట్టడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. "నెల వాడాం, గుణం లేదు" అని ఆపేసేవాళ్లు చాలామంది. మొదలుపెట్టే ముందు రక్తకణాల లెక్క, లివర్ పరీక్ష, వీలైతే ఎన్‌యుడిటి15 అనే జన్యు పరీక్ష చేయించాలి. మన భారతీయుల్లో ఆ జన్యువులో తేడా ఉండి, ఈ మందుకు తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయేవారు కొందరున్నారు. మొదటి రెండు నెలలు ఒకటి రెండు వారాలకోసారి రక్తపరీక్ష తప్పనిసరి. మందు మొదలైన వారాల్లోనే జుట్టు కుచ్చులుగా రాలినా, జ్వరం, గొంతునొప్పి వచ్చినా మాత్ర ఆపి అదే రోజు డాక్టరును కలవాలి. కీళ్లవాతానికి, యూరిక్ యాసిడ్‌కు అల్లోప్యూరినాల్ గానీ ఫెబుక్సోస్టాట్ గానీ వాడుతుంటే అజాథయోప్రిన్ రాసే డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ రెండు రకాలూ కలిస్తే ప్రాణాపాయం. కొందరికి మెథోట్రెక్సేట్ ఇస్తారు. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగి ఆసుపత్రి పాలైనవారున్నారు, అట్ట మీద ఏ రోజో పెన్నుతో రాసిపెట్టండి.

మందు సగం, మిగతా సగం ఇంటి దగ్గరి పని. నాన్నగారి మెడలో ఉండే తువ్వాలు చూడండి. ఎండకు నెత్తిన చుట్టుకుంటారు, గట్టు మీద పరుచుకుని కూర్చుంటారు, అదే దులిపి ముఖం తుడుచుకుంటారు. దానికి పట్టిన పొడి నేరుగా రెప్పల మీదికి పోతుంది. చుట్టుకోవడానికి ఒకటి, తుడుచుకోవడానికి సంచిలో మడిచిపెట్టిన వేరేది ఇవ్వండి. రెండూ రోజూ ఉతకాలి. పొలం నుంచి రాగానే, టీ తాగడానికి ముందే, చన్నీళ్లో గోరువెచ్చని నీళ్లో పోసుకుని తల కూడా కడుక్కోవాలి. పొలం బట్టలు ఇంట్లోవారి బట్టలతో కలపకుండా జాడించాలి, వయ్యారిభామ పెరిగిన కంచె మీద ఆరేయకూడదు. సబ్బు మృదువైనదై ఉండాలి, ఒళ్లు తుడుచుకున్న మూడు నాలుగు నిమిషాల్లో మామూలు వాజెలిన్ గానీ కొబ్బరినూనె గానీ రాస్తే పగుళ్లు తగ్గి, దురద కూడా కొంత దిగుతుంది.

ఎండ విషయంలో ఒక తేలిక లెక్కుంది. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నంతసేపూ అతినీలలోహిత కిరణాలు బలంగా ఉన్నట్టు. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత పని పెట్టుకోవడం మంచిది. మబ్బు పట్టినా కిరణాలు చాలావరకు దిగుతాయి, వానాకాలం కదా అని వదిలేయకూడదు. కిటికీ అద్దం ఒక రకం కిరణాలను ఆపుతుంది, యువీఏ అనే రెండో రకాన్ని ఆపదు, కాబట్టి బస్సులో ఎండవైపు కిటికీ పక్కన కూర్చుంటే రక్షణ ఉన్నట్టు కాదు.

బట్టే అసలు సన్‌స్క్రీన్. దగ్గరి నేత ఉన్న, ముదురు రంగు, నిండు చేతుల కాలరు చొక్కా. వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు అవతలి వైపు కనిపించే పలచటి తెల్ల లాల్చీ చాలదు, చెమటకు తడిస్తే మరీ చాలదు. క్రికెట్ టోపీ మెడను, చెవులను వదిలేస్తుంది. చుట్టూ మూడు అంగుళాల అంచున్న టోపీ కావాలి.

ఇక మీరడిగిన సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30గానీ 50గానీ, యువీఏ నుంచి రక్షణను చెప్పే పీఏ పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు, లోపల జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ మాత్రమే ఉన్నది, సువాసన లేనిది చూడండి. మిగతా రసాయన సన్‌స్క్రీన్‌లకే అలర్జీ వచ్చే అవకాశం ఈ జబ్బువారిలో ఎక్కువ. ముఖం కాస్త తెల్లగా కనిపిస్తుంది, నాన్నగారిని ఒప్పించుకోవడం మీ పని. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు ఒక పూట. ఒక్కో చేతికి మరో రెండు గీతలు. ఎండలోకి వెళ్లే 20 నిమిషాల ముందు రాసి, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఈ లెక్కన చేతులకు కూడా రాస్తే 50 గ్రాముల ట్యూబు వారం కూడా రాదు. అందుకే చేతులను చొక్కాకు వదిలేసి, క్రీమును ముఖం, చెవులు, మెడకు మాత్రమే వాడండి. ఒళ్లంతా కప్పుకుని ఎండకు దూరమయ్యేవారికి విటమిన్ డి తగ్గుతుంది, రక్తపరీక్షలో అదీ కలపమనండి.

గట్ల మీది వయ్యారిభామను నాన్నగారు ముట్టకూడదు, చేతితొడుగులున్నా సరే. వేరేవాళ్ల చేత, పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో పీకించండి. పీకేవారికి తొడుగులు, నిండు చేతులు, ముక్కుకు గుడ్డ ఉండాలి. పూత రాకముందు పీకినది కంపోస్టు గుంతలో వేయవచ్చు. పూసింది వేస్తే విత్తనాలన్నీ ఎరువుతో పొలానికే చేరతాయి. ఎండబెట్టి ఇంటి దగ్గర కాల్చొద్దు. బీడు, దారి పక్కన, గోడల వెంట 100 లీటర్ల నీటికి 15 నుంచి 20 కిలోల ఉప్పు కలిపి ఆకులు తడిచేలా పిచికారీ చేస్తే మాడిపోతుంది, కానీ పంట నేలలో ఆ పని చేస్తే నేల పాడవుతుంది. ఊరందరూ కలిస్తేనే పని జరిగేది. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా పార్థీనియం నిర్మూలన వారం జరుపుతుంది. వ్యవసాయ విస్తరణాధికారిని ఆ వారంలో పట్టుకుంటే పంచాయతీని కదిలించడం తేలిక.

మూడు వారాలు నాన్నగారిని మీ దగ్గరకు పిలిపించుకుని చూడండి, తగ్గితే అదీ ఒక రుజువే. కాకపోతే మీ అపార్ట్‌మెంట్ పక్కన ఖాళీ ప్లాటు ఉందేమో ముందు చూసుకోండి. హైదరాబాద్ ఖాళీ ప్లాట్లలో ఉన్నంత వయ్యారిభామ పల్లెలో కూడా ఉండదు.

పూల విషయం మరిచిపోవద్దు. చామంతి, పొద్దుతిరుగుడు, బంతి, ఇవన్నీ వయ్యారిభామ కుటుంబానివే. ముఖ్యంగా చామంతి చాలామందికి అదే అలర్జీ రేపుతుంది. వానాకాలం చివర, సరిగ్గా దురద ముదిరిన రోజుల్లోనే బతుకమ్మ వస్తుంది, ఇల్లంతా పూలు. నాన్నగారు పూలు తేవడం, గుచ్చడం, వాడిన పూలు ఎత్తడం మానేసి, గునుగు, తంగేడు ఏరే పని కూడా గట్ల మీదే కాబట్టి పిల్లలకు అప్పజెప్పాలి. దేవుడికి చామంతికి బదులు మందారం, నందివర్ధనం పెట్టుకోవచ్చు.

నల్లబడింది కదా అని నిమ్మరసం రుద్దనివ్వకండి. నిమ్మ తొక్కలోని పదార్థం మీద ఎండ పడితే కాలినట్టు బొబ్బలెక్కి నెలల తరబడి నల్లటి చారలు మిగులుతాయి. బావంచాల లేపనం ఇంకా ప్రమాదం, వాటిలోని సొరాలెన్ చర్మాన్ని ఎండకు సున్నితం చేయడానికే పనికొచ్చేది. దురదకు ప్రోమెథజైన్ ఉన్న క్రీము, మాత్ర కూడా వద్దు, అదే ఎండ అలర్జీ తెప్పించగలదు. రాత్రిపూట సెట్రిజిన్ 10 మిల్లీగ్రాములు వేసుకోవచ్చు, మర్నాడు పొద్దున మత్తు లేదని తేలాకే ట్రాక్టరు ఎక్కాలి.

ఒళ్లంతా ఎర్రబడి పొలుసులు రాలుతూ చలి, పాదాల వాపు వచ్చినా, రసి, చీము, జ్వరం వచ్చినా, కళ్లు మూసుకుపోయేలా వాచినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

పాచ్ టెస్ట్‌లో ఏమీ తేలకపోయినా అంతటితో వదలకండి. సొంత గట్టు మీది వయ్యారిభామ ఆకును తీసుకెళ్లి చూపించండి, డాక్టరు అవసరమనుకుంటే దాని సారంతో మళ్లీ పరీక్షిస్తారు. ఆ ఆకును మీరే ఇంట్లో చర్మానికి కట్టి చూడటం మాత్రం వద్దు, పుండు పడుతుంది. బయాప్సీ, ఏఎన్ఏ, హెచ్ఐవీ పరీక్ష, ఈ మూడూ అప్పుడు వరుసలో ఉంటాయి. హెచ్ఐవీ పేరు విని నాన్నగారు నొచ్చుకోవచ్చు. ఎండ జబ్బుగా మొదట బయటపడే సందర్భాలున్నాయి కాబట్టి అందరికీ చేసే పరీక్షే అని చెప్పండి. వెళ్లేటప్పుడు మాత్రల అట్టలు, క్రీము ట్యూబు, హెయిర్ డై ప్యాకెట్టు, గత మూడేళ్లలో ఫోనులో తీసిన ఫొటోలు తేదీల వరుసలో పెట్టుకుని వెళ్లండి. మొదటి వానాకాలపు ఫొటో ఒక్కటి దొరికినా, అందులో రెప్పలు కనిపిస్తే చాలు.